భోగి నెలలో నిప్పు ముట్టించని రాష్ట్రం

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఎండాకాలం కొన్ని రోజుల్లో పెరట్లో బొగ్గుల పొయ్యి రాజేస్తే రెండేళ్ళ దాకా జైలు పడొచ్చు. జరిమానా 45,000 డాలర్లు దాటొచ్చు. ఇల్లు తగలబెట్టినందుకు కాదు, పొయ్యి వెలిగించినందుకే. ఆ రోజుల్ని ఇక్కడ టోటల్ ఫైర్ బ్యాన్ రోజులంటారు. గ్యాస్ బార్బెక్యూకి మాత్రం మినహాయింపు ఉంది. అదీ ఇంటికి 20 మీటర్ల లోపు ఉండాలి, చుట్టూ 3 మీటర్ల మేర ఎండుగడ్డి గానీ ఆకులు గానీ ఉండకూడదు, పక్కనే కుళాయికి బిగించిన పైపో కనీసం 10 లీటర్ల నీళ్ళో సిద్ధంగా ఉండాలి, ఆరేదాకా పెద్దవాళ్ళెవరో ఒకరు అక్కడే కాపలా ఉండాలి. ఆరుబయట వెల్డింగ్, గ్రైండింగ్ కూడా బందే.

కొత్తగా వచ్చిన మనవాళ్ళకు ఇదంతా చాదస్తంలా కనిపిస్తుంది. నేనుండేది మెల్‌బోర్న్ పడమటి శివార్లలో. టార్నీట్, ట్రుగనీనా లాంటి చోట్ల తెలుగు మాట వినపడని వీధి తక్కువ. వీధి చివర ఆఖరి ఇల్లు దాటితే మోకాలెత్తు ఎండుగడ్డి. గడ్డిలో అంటుకున్న మంట గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదని ఇక్కడి ఫైర్ సర్వీసు చెబుతుంది. మనిషి పరుగు దాన్ని దాటలేదు. అయినా గడ్డిని చూసినంత మాత్రాన ఈ చట్టం ఎందుకింత కరుకుగా ఉందో అర్థం కాదు. దానికి చరిత్ర తెలియాలి.

తెల్లవాళ్ళు రాకముందు వేల ఏళ్ళ పాటు ఆదివాసులు ఈ నేలను తగలబెడుతూనే బతికారు. అయితే చల్లని వేళ చూసి, చిన్న చిన్న ముక్కలుగా, గాలి వాలు కనిపెట్టి కాల్చేవాళ్ళు. కొత్త పచ్చిక మొలిచి జంతువులు మేతకొచ్చేవి, అడుగున ఎండుపుల్లలు పేరుకునేవి కావు. గొర్రెల మందలతో వచ్చినవాళ్ళు ఆ మనుషుల్ని నేలనుంచి తరిమేశారు. కాల్చే పనిని మాత్రం తాము అందుకున్నారు, దాని పద్ధతి తెలియకుండా. 1851 ఫిబ్రవరి 6న దాదాపు 50 లక్షల హెక్టార్లు, అంటే ఈ రాష్ట్రంలో నాలుగో వంతు, కాలిపోయింది. జనం పలచగా ఉన్న కాలం కాబట్టి చనిపోయిన మనుషులు డజను మంది. గొర్రెలు పది లక్షలు.

ఆ తరవాత కూడా ఎవరూ తీరు మార్చుకోలేదు. పశువుల కాపరి కొత్త గడ్డి కోసం కొండ మీద నిప్పు పెట్టేవాడు. బంగారం వెతికేవాడు రాయి కనపడాలని పొదలు తగలేసేవాడు. రైతు పొలం చదును చేయడానికి కాల్చేవాడు. ఎవరి మంట వాళ్ళకు పనిముట్టు. అది పక్కవాడి హద్దులోకి పోతే అదృష్టం బాగాలేదనుకునేవాళ్ళు.

1939 జనవరి 13, శుక్రవారం. మనకు భోగి వచ్చే రోజుల్లో అన్నమాట, ఇక్కడ నడి ఎండాకాలం. అప్పటికే చాలాకాలంగా వానల్లేవు. అడవిలో అక్కడక్కడా చిన్న చిన్న మంటలు వారాల తరబడి రాజుకుంటూనే ఉన్నాయి, ఆర్పాలని ఎవరికీ తోచలేదు. ఆ రోజు మెల్‌బోర్న్‌లో ఎండ 45.6 డిగ్రీలకు చేరింది. ఉత్తరాన ఎడారి వైపు నుంచి గాలి లేచింది. ఆ చిన్న మంటలన్నీ కలిసిపోయాయి. ఆ వేసవి మొత్తంలో 71 మంది పోయారు, 20 లక్షల హెక్టార్ల దాకా కాలిపోయింది, అడవుల నడుమనున్న 69 సామిల్లులు బూడిదయ్యాయి. మ్యాట్‌లాక్ అనే చోట ఒక్క సామిల్లు దగ్గరే 15 మంది చనిపోయారు. అప్పట్లో మిల్లులు అడవి నడిబొడ్డునే ఉండేవి. కూలీలు కుటుంబాలతో అక్కడే కాపురం. మంట వస్తే దాక్కోవడానికి నేలలో తవ్విన గుంటలు కొన్నిచోట్ల ఉండేవి, కొన్నిచోట్ల యజమానులు తవ్వించలేదు.

విచారణకు ప్రభుత్వం లెనార్డ్ స్ట్రెటన్ అనే జడ్జిని వేసింది. ఈ రాష్ట్రపు చరిత్రలో నాకు బాగా నచ్చిన మనుషుల్లో ఆయన ఒకడు. పిడుగుల మీదో దేవుడి మీదో నెట్టేసి చేతులు దులుపుకోవచ్చు, అలా చేయలేదు. ఈ మంటలు పెట్టింది మనుషులేనని ఖరాకండిగా రాశాడు. దుర్మార్గులు పెట్టారనీ అనలేదు. పొలానికీ పశువుకీ మేలని నమ్మి, రోజూ చేసే పనిలాగా పెట్టిన మామూలు మనుషులని తేల్చాడు. అడవుల శాఖనూ వదల్లేదు, నీటి సరఫరా బోర్డునూ వదల్లేదు. ఒకరితో ఒకరు మాట్లాడుకోని రెండు సర్కారు ఆఫీసుల మధ్య అడవి ఎలా అనాథ అయిందో వివరంగా చూపించాడు. కాల్చడం పూర్తిగా మానెయ్యమనలేదు. అదను చూసి, అనుమతితో, ఒక లెక్క ప్రకారం కాల్చమన్నాడు. ఊళ్ళన్నిటికీ కలిపి ఒకే అగ్నిమాపక సంస్థ ఉండాలన్నాడు.

ఆ సలహాను అయిదేళ్ళు అటకెక్కించారు. 1943-44 వేసవిలో మళ్ళీ మంటలు వచ్చాయి. వంగరట్టా దగ్గర గడ్డి మంట ఆర్పబోయిన పదిమంది వాలంటీర్లు ఒకేరోజు పోయారు. ప్రభుత్వం మళ్ళీ అదే స్ట్రెటన్‌ను పిలిచి విచారణ చేయించింది. 1945 ఏప్రిల్ 2న కంట్రీ ఫైర్ అథారిటీ పని మొదలుపెట్టింది. అందరూ సీఎఫ్ఏ అంటారు. ఇవాళ దానికి 1,200కు పైగా దళాలున్నాయి, అందులో ఎక్కువమంది జీతం లేనివాళ్ళే. బేకరీ నడిపేవాడు, బడిపంతులు, పాడి రైతు. పేజర్ మోగితే చేతిలో పని వదిలేసి స్టేషన్‌కు పరుగెత్తుతారు.

ఇక్కడి మంటల్లో మనవాళ్ళకు వెంటనే తెలియని సంగతి గాలి మార్పు. ఉత్తరం నుంచి వీచే వేడిగాలి మంటను పొడవాటి నాలుకలా దక్షిణానికి లాగుతుంది. సాయంత్రం అయ్యేసరికి నైరుతి నుంచి చల్లగాలి వస్తుంది. నగరంలో ఉన్నవాళ్ళు హమ్మయ్య అని కిటికీలు తెరుస్తారు. అడవిలో మాత్రం అప్పటిదాకా పక్కగా కాలుతున్న కిలోమీటర్ల పొడవు అంచు మొత్తం ఒక్కసారిగా ముందువరస అయిపోతుంది. 1983 ఫిబ్రవరి 16న ఇక్కడా సౌత్ ఆస్ట్రేలియాలోనూ కలిపి 75 మంది చనిపోయారు. అప్పర్ బేకన్స్‌ఫీల్డ్ దగ్గర రెండు దళాల వాలంటీర్లను బలి తీసుకున్నది ఈ గాలి మార్పే. 1998 డిసెంబర్ 2న లింటన్‌లో జీలాంగ్ వెస్ట్ దళానికి చెందిన అయిదుగురు ఫైరింజన్‌లోనే కాలిపోయారు. నీళ్ళు నింపుకోవడానికి వెళ్తుండగా గాలి తిరిగింది, ట్యాంకులో నీళ్ళు దాదాపు అడుగంటాయి. ఆ తరవాత నుంచి ఫైరింజన్‌లో కొంత నీటిని సిబ్బంది ప్రాణాల కోసమే ఉంచాలని గట్టి నియమం వచ్చింది. మన ఇల్లు కాలుతున్నా ఆ నీళ్ళు వాడరు. అది పిసినారితనమని ఎవరైనా అంటే నాకు లింటన్ గుర్తొస్తుంది.

మంటలార్పేవాళ్ళకు సాయపడటమంటే హోస్ పట్టుకుని ముందుకు దూకడం కాదు. ఎక్కువగా అడ్డం రాకుండా ఉండటమే. మా వీధుల్లో తారు మధ్యలో చిన్న నీలిరంగు అద్దపు బిళ్ళ అతికించి ఉంటుంది, రాత్రి హెడ్‌లైట్ పడితే మెరుస్తుంది. దగ్గర్లో ఫైర్ హైడ్రెంట్ ఉందని దానర్థం. హైడ్రెంట్‌కు ఒక మీటరు లోపల బండి ఆపకూడదు. ఇంటికి మూడు కార్లుండే మనవాళ్ళ వీధుల్లో, పేరంటాలప్పుడు, ఈ ఒక్క మీటరు ఎవరికీ కనపడదు. ఎర్ర, నీలం లైట్లు వెలిగించి ఫైరింజన్ ఆగి ఉంటే దాని పక్కనుంచి 40 కిలోమీటర్లకు మించని వేగంతో పోవాలి. మంట దగ్గరున్న అధికారి రోడ్డు మూయొచ్చు, గోడ పగలగొట్టించొచ్చు, ఎవరి చెరువులో నీళ్ళయినా తోడుకోవచ్చు. మన డ్రోన్ ఎగిరిందంటే నీళ్ళు చల్లే హెలికాప్టర్ వెనక్కి పోవాల్సి వస్తుంది.

ఇంత అధికారం ఇచ్చిన చట్టం ఒకచోట ఆగిపోతుంది. తన ఇంట్లో, తన నేల మీద ఉంటానని పట్టుబట్టిన మనిషిని బలవంతంగా లాక్కుపోయే హక్కు ఇవ్వలేదు. ఉండి కాపాడుకుంటావా, ముందే వెళ్ళిపోతావా, నువ్వే తేల్చుకో అన్నది ఇక్కడ చాలాకాలం నడిచిన సలహా. 2009 ఫిబ్రవరి 7న ఆ సలహాకు దెబ్బ తగిలింది. మెల్‌బోర్న్‌లో 46.4 డిగ్రీలు. టోటల్ ఫైర్ బ్యాన్ అమలులోనే ఉంది. కొన్ని మంటలు కరెంటు తీగ తెగి మొదలయ్యాయి, కొన్ని మనుషులు కావాలని పెట్టినవి. కింగ్‌లేక్, స్ట్రాతీవెన్, మేరీస్‌విల్ ఊళ్ళు ధ్వంసమయ్యాయి, మొత్తం 173 మంది పోయారు, వాళ్ళలో చాలామంది ఇళ్ళలోనే. జస్టిస్ బెర్నార్డ్ టీగ్ అధ్యక్షతన వేసిన రాయల్ కమిషన్ 67 సిఫార్సులు చేసింది. ఇప్పుడు మంటల ప్రమాదం అన్నిటికన్నా పై మెట్టులో ఉందని, అంటే కెటాస్ట్రాఫిక్ అని, ప్రకటించిన రోజున ముందురోజు రాత్రో ఆ రోజు తెల్లవారుజామునో అడవి ఊళ్ళు వదిలి వెళ్ళిపొమ్మని చెబుతారు. బలవంతం చేసే హక్కు ఇప్పటికీ లేదు. ఇది సరైనదేనా అని నాకు అనుమానమే, ఎందుకంటే మొండిగా ఉండిపోయినవాడి కోసం ఇంకొకరు ప్రాణాలకు తెగించి లోపలికి వెళ్ళాల్సి వస్తుంది.

బ్యాన్ లేని మామూలు వేసవి రోజులకూ పద్ధతి ఉంది. పల్లెల్లో దాదాపు అక్టోబర్, నవంబర్ నుంచి వేసవి దాటేదాకా చెత్త కాల్చాలంటే రాతపూర్వకమైన అనుమతి కావాలి. కట్టెలతో వంట చేసుకోవచ్చు, గాలి గంటకు 10 కిలోమీటర్లకు మించకూడదు, మంట ఒక చదరపు మీటరు దాటకూడదు. గోధుమ కోత యంత్రం మీద కూడా నీళ్ళ పంపు ఉండాల్సిందే. నగరంలో అసలు చెత్త కాల్చడమే చాలా కౌన్సిళ్ళు నిషేధించాయి. గడ్డి పెరగనిచ్చిన ఖాళీ స్థలానికి కౌన్సిల్ నుంచి నోటీసు వస్తుంది. కొయ్యకపోతే వాళ్ళే కోయించి బిల్లు పంపుతారు.

డిసెంబర్‌లో పిల్లల్ని చూడటానికి వచ్చే అమ్మానాన్నలకు ఇది మింగుడు పడదు. "ఏమ్మా, భోగికి నాలుగు పిడకలు కూడా కాల్చుకోనివ్వరా వీళ్ళు?" అని ఒక పెద్దాయన కూతుర్ని అడుగుతుంటే విన్నాను. "ఇవాళ బ్యాన్ నాన్నా, రేపు చూద్దాం" అంది ఆమె. రేపు భోగి ఉండదు. ఆయన విసుక్కున్నారు గానీ సాయంత్రం మనవడికి భోగిపళ్ళు పోసే వేళకు సర్దుకున్నారు. హోమమైనా అంతే, ఆ రోజు ఆరుబయట అగ్నిగుండం కుదరదు. దీపావళికి టపాసులు సొంతంగా కాల్చుకోవడం ఏ రోజైనా నేరమే, లైసెన్సు ఉన్నవాళ్ళే కాల్చాలి.

శరదృతువులో, అంటే మార్చి, ఏప్రిల్‌లలో, విమ్మెరా వైపు కారులో వెళ్తే గోధుమ కొయ్యకాళ్ళు తగలబడుతూ కనిపిస్తాయి. తెలంగాణలో వరి కొయ్యకాళ్ళు కాల్చడం చూసినవాళ్ళకు కొత్తేమీ కాదు. కానీ ఆ రైతు ముందే ఫోన్ చేసో ఆన్‌లైన్‌లోనో ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు కాలుస్తున్నాడో నమోదు చేయించాడు. పొగ చూసి ఎవరో అత్యవసర నంబరు 000కు ఫోన్ చేస్తే అక్కడివాళ్ళు ఆ జాబితా చూస్తారు. అందులో లేని పొగ అయితే ఫైరింజన్ బయల్దేరుతుంది, వాలంటీర్ బేకరీ మూసేసి.

మధ్య విక్టోరియాలో డ్జా డ్జా వురుంగ్ ఆదివాసులు 2017 నుంచి తమ పాత పద్ధతిలో మళ్ళీ నేలను కాలుస్తున్నారు. ఎండిన గడ్డిలో మంట చీలమండ ఎత్తు దాటదు, పక్కన నడుచుకుంటూ పోవచ్చు. ఆ మంటను ఆర్పడానికి కాకుండా చూసి నేర్చుకోవడానికి ఇప్పుడు సర్కారు ఫైర్ సిబ్బంది యూనిఫారంలోనే వస్తున్నారు. అనుమతి కాగితం మాత్రం ఆ ఆదివాసులకూ తప్పదు.