మంచు మీద పట్టు

తెలుగున మంచు అను మాట ఒక్కటియే. ధనుర్మాసపు వేకువను వరికుప్పలను తడుపునదియు మంచే; హిమాలయ శిఖరములను కప్పునదియు మంచే. ఈ భేదములతో మనకంతగా పని పడదు. కాని శీతల దేశములలో సరకు నింపుకొని బయలుదేరు చిన్న లారీ డ్రైవరుకు, దారిపై నున్నది మెత్తని కొత్త మంచా, అద్దమువలె గడ్డకట్టిన మంచా అనునది ప్రాణములతో ముడిపడిన ప్రశ్న. ఆ ప్రశ్నకు టైరులో సమాధానము వెదకిన చరిత్రను నేడు కొంత ముచ్చటింతుము.

1888లో డన్లప్ గాలి టైరును సైకిలుకు అమర్చెను. తరువాత అది మోటారుకారుకును వచ్చెను. తొలినాటి టైర్లు చాలవరకు నున్ననివి. మంచులో దిగబడినచో ఉన్నచోటనే తిరుగుచుండెడివి. న్యూయార్కు రాష్ట్రమందలి కెనస్టోటా వాస్తవ్యుడు హ్యారీ వీడ్, టైరుకు చుట్టెడి ఇనుప గొలుసులకు 1904లో పేటెంటు పొందెను. చక్రములకు త్రాళ్లు చుట్టి బురద దాటుచున్నవారిని చూచి ఆయనకీ ఊహ పుట్టెనందురు. లోతైన మంచులో, నిటారైన ఎక్కుడులో నేటికిని గొలుసు మేలైన సాధనమే. అయితే మంచు లేని దారి రాగానే అది రోడ్డును, టైరును కూడ పాడుచేయును. కావున ఎముకలు కొరుకు చలిలో, వ్రేళ్లు కొంకర్లు పోవుచుండగా, దానిని కట్టుటయు విప్పుటయు తప్పదు.

రెండవ మెట్టు ఫిన్లాండులో పడినది. అచటి రబ్బరు కర్మాగారమొకటి 1934లో ‘కెలిరెంగస్’ అను శీతకాలపు టైరును చేసెను. ధనికుల కార్లకు గాక, ఇది ముందుగా లారీలకై పుట్టుట గమనింపదగినది. కార్ల టైరు 1936లో గాని రాలేదు. ఈ టైరు పైపొరలో అడ్డముగా లోతైన చాళ్లు కలవు. మంచు ఆ చాళ్లలో చొచ్చి గట్టిపడి, క్రిందనున్న మంచును పట్టుకొనును. రబ్బరు కన్న మంచుకు మంచుతోడనే పట్టు అధికము.

కాని గడ్డకట్టిన మంచులో చాళ్లు దిగవు. అందుచే 1960 దశకమున గట్టి లోహపు మేకులు దిగవేసిన టైర్లు వ్యాపించినవి. ప్రమాదములు తగ్గునని జనులు సంతోషించిరి. అయితే మంచు కరిగిన దినములలో ఆ మేకులే రోడ్డును గీరి గాడులు చేసినవి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రము 1971లో వీనిని నిషేధించెను. జపానునందలి సెందాయ్ నగరమున 1980 దశకమున రోడ్డు అరిగి లేచిన ధూళి గాలి నిండ క్రమ్మెను. ఒకరి ప్రాణరక్షణకై కొన్న వస్తువు వేరొకరి ఊపిరితిత్తులకు హాని అయ్యెను. పౌరులు ఉద్యమింపగా, 1990లో జపాను ప్రభుత్వము ఆ ధూళిని అరికట్టు చట్టము చేసెను. ఫిన్లాండు, స్వీడను, నార్వేలలో మాత్రము శీతకాలమున మేకుల టైర్లు నేటికిని చెల్లుచున్నవి.

ఇక నాలుగవ మెట్టు: బయటి ఇనుమును విడిచి రబ్బరునే మార్చుట. మామూలు టైరు సుమారు 7 సెంటీగ్రేడు డిగ్రీలకు దిగువన బిగుసుకొని పట్టు కోల్పోవును. రబ్బరు పాళ్లు మార్చి, సిలికా కలిపి, గడ్డు చలిలోను మెత్తగా నుండు టైర్లను నిపుణులు సిద్ధము చేసిరి. పైపొరలో వందలకొలది సన్నని చీలికలు గూడ పెట్టిరి. ఈ టైరు వేసవిలో త్వరగా అరుగును గనుక ఋతువును బట్టి మార్చవలెను. మంచు పరీక్షలో నెగ్గిన టైర్లకు, మూడు శిఖరముల నడుమ మంచురేకు గల గుర్తు 1999లో ఏర్పడెను. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రము 2008 డిసెంబరు నుండి శీతకాలపు టైర్లను చట్టముచే తప్పనిసరి చేసెను.

చిన్న లారీకి మరియొక చిక్కు కలదు. సరకు దించిన పిమ్మట వెనుకభాగము తేలికయగును. ఇంజను బలము వెనుక చక్రములకే అందు బండ్లలో ఆ చక్రములు జారును. కావున బరువుకు తగిన టైరును ఎన్నుకొనుట మొదటి పని; నాలుగు చక్రములకును ఒకే జాతి టైర్లు వేయుట రెండవది. ముందువానికే వేసినచో బండి తోక తిరుగును. వెనుకకే వేసినచో మలుపులో చుక్కాని మాట వినదు. నాలుగు చక్రములకును ఇంజను బలమందు బండి సులభముగా కదలునేమో గాని, బ్రేకు వేసినప్పుడు ఆపవలసినది టైరే.

నేడు టొరంటోలోను, మిషిగన్‌లోను స్థిరపడిన మనవారెందరో ఏటేట ఈ ఎంపిక చేసికొనుచున్నారు. అన్నిటికన్న మంచి టైరు ఏదియని అడుగుటకన్న, మా దారిలో పడునది ఏ మంచు, మా బండి మోయునది ఎంత బరువు, మా వెనుక మిగులునది ఏ ధూళి అని అడుగుట మేలని ఈ చరిత్ర వలన మనకు తెలియుచున్నది.