బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ

బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ (1861–1907) కాథలిక్ విశ్వాసాన్ని వేదాంత పరిభాషలో వివరించిన బెంగాలీ సన్యాసి, పత్రికా సంపాదకుడు. అసలు పేరు భవానీచరణ్ బందోపాధ్యాయ. హుగ్లీ జిల్లా ఖన్యాన్‌లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. బ్రహ్మసమాజ నాయకుడు కేశవ చంద్ర సేన్ ప్రభావంతో 1887లో ఆ సమాజంలో చేరి, ఉపాధ్యాయ వృత్తిపై సింధ్‌లోని హైదరాబాద్‌కు వెళ్లారు. 1891 ఫిబ్రవరిలో ఆంగ్లికన్ మతాచార్యుని చేత బాప్తిస్మం పొంది, అదే సంవత్సరం కాథలిక్ సంఘంలో చేరారు. 1894లో కాషాయం ధరించి, ‘సోఫియా’ పత్రికను ప్రారంభించారు.

పుట్టుక, ఆచారం, సంస్కృతి సమాజధర్మానికి చెందినవనీ, ముక్తిమార్గం సాధనధర్మానిదనీ ఆయన విభజించారు. ఈ విభజన ఆధారంగానే తాను హిందువుగా ఉంటూ కాథలిక్‌నని ప్రకటించుకున్నారు. థామస్ అక్వినాస్ క్రైస్తవ బోధను అరిస్టాటిల్ తత్వశాస్త్రంతో వివరించినట్లే భారతదేశంలో శంకరుల అద్వైతంతో వివరించవచ్చని భావించారు. మొదట అద్వైతంలోని మాయావాదాన్ని ఖండించినా, తర్వాత మాయను దైవంపై పూర్తిగా ఆధారపడిన సృష్టిస్థితిగా అన్వయించారు. త్రిత్వాన్ని సచ్చిదానందంగా స్తుతిస్తూ 1898లో సంస్కృత స్తోత్రం రచించారు.

జబల్‌పూర్‌లో ఆయన తలపెట్టిన కాథలిక్ మఠానికి సంఘాధికారుల ఆమోదం లభించలేదు. 1901లో శాంతినికేతన్ పాఠశాల స్థాపనలో రవీంద్రనాథ్ ఠాగూర్‌కు తోడ్పడ్డారు. తన ‘సంధ్య’ పత్రికలోని రాతలకు రాజద్రోహ నేరంపై అరెస్టయి, విచారణ ముగియకముందే 1907 అక్టోబర్ 27న కలకత్తాలో మరణించారు. అంత్యక్రియలు హిందూ పద్ధతిలో జరిగాయి.