నూలు ఒళ్లు, పట్టు అంచు

1896లో షికాగో వాస్తుశిల్పి లూయీ సల్లివన్ ఎత్తయిన ఆఫీసు భవనాల మీద వ్యాసం రాస్తూ, దేని రూపమైనా దాని పనిని బట్టే ఏర్పడుతుందన్నాడు. తర్వాతివాళ్లు ఆ మాట పట్టుకుని నగిషీ అంతా దండగన్నారు. బఫెలోలో ఆయన కట్టిన గ్యారంటీ బిల్డింగుకు ఒంటి నిండా కాల్చిన మట్టిపలకల లతలే! వాళ్లకవి కనబడినట్టు లేదు. పనికి తగ్గ రూపంటే బోసితనం కాదని తెలుసుకోవడానికి మనకు బఫెలో కన్నా గద్వాల దగ్గర.

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచులూ కొంగూ పట్టు. కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డ ఎండలకు ఒంటికి ఆనేది నూలే కావాలి. పూజకూ పెళ్లికీ పట్టుండాలి. నలుగురి కంట పడేవి అంచూ కొంగే కనుక ఖరీదైన పట్టూ జరీ అక్కడికే చేరాయి. ఇంతవరకూ ఇల్లాలి లెక్క. అసలు చిక్కు మగ్గం మీద.

ఒళ్లుదీ అంచుదీ పోగు వేరు, రంగు వేరు. అందుకే మూడు నాడెలు: ఒళ్లుకు ఒకటి, అంచులకు చెరొకటి. రెండు పేకలు కలిసేచోట ఒకదాన్నొకటి మెలివేసుకుని వెనక్కి తిరగాలి. ఇదే కుప్పడం. కొంగు మొదట్లో నూలు పడుగుకు పట్టు పడుగును పోగుపోగునా అతకడం ఇంకో ఓపిక. ఒళ్లూ అంచూ కలిసే అతుకు తిన్నటి గీతగా ఉంటే లాగుడంతా దాని మీదే పడుతుంది. పళ్లుపళ్లుగా ఒళ్లులోకి జరిగితే ఆ బరువు చెదురుతుంది. చూపుకేమో కోట బురుజుల వరుస, అదే కోటకొమ్మ. నా లెక్కలో కోటకొమ్మ అందం పుట్టింది ఈ అవసరంలోంచే. కోటకొమ్మనే కుంభమనీ అంటారు.

జరీ బుటాల పనితనం నేర్చుకు రమ్మని గద్వాల సంస్థానం నేతగాళ్లను కాశీ పంపిందని ఇక్కడ చెప్పుకుంటారు. తిరుమల బ్రహ్మోత్సవాలకు ముందు ఏటా శ్రీవారికి వెళ్లే ఏరువాడ జోడు పంచెలూ ఇక్కడి మగ్గాలవే. 1949లో జాగీర్ల రద్దుతో సంస్థానం పోయింది. మగ్గాలు ఉండిపోయాయి, గద్వాలలోనే కాదు, రాజోలిలో, వనపర్తి వైపు అమరచింతలో, కొత్తకోటలో.

ఇప్పుడు అచ్చంగా పట్టు చీరలూ నేస్తున్నారు. వాటికీ మూడు నాడెలు తప్పవు, ఒళ్లు రంగు అంచులోకి పాకకూడదు కదా. మరమగ్గం బట్ట మీద అచ్చువేసిన కోటకొమ్మలు మాత్రం ఏ అతుకునూ మొయ్యవు. కొనేవాళ్లు చీర తిరగేసి, ఒళ్లూ అంచూ కలిసేచోట వేలితో తడిమి చూసుకోవాలి.