రక్షణ పాఠాల కోసం మిత్రదేశాలకు పారిశ్రామికవేత్తలు: కోలారు సీమకు దక్కినదేమిటి?

ఒక దేశపు పారిశ్రామిక సంస్థల అధిపతులు మిత్రదేశానికి వెళ్లి, ఆ దేశం తన సరిహద్దులను, ఆకాశాన్ని, సమాచార వ్యవస్థలను ఏ విధంగా కాపాడుకొంటున్నదో స్వయంగా పరిశీలించి రావడం నేడు పరిపాటి అయినది. ప్రధానమంత్రి లేదా రక్షణమంత్రి వెంట వెళ్లే బృందాలు కొన్ని. భారత పరిశ్రమల సమాఖ్య (సి.ఐ.ఐ.), ఫిక్కీ వంటి సంఘాలు పంపే బృందాలు మరికొన్ని. బెంగళూరు యలహంకలో 1996 నుండి జరుగుతున్న ఏరో ఇండియా ప్రదర్శనకు విదేశీ సంస్థల అధిపతులే తరలివస్తారు. ఇటువంటి పరిచయాల నుండి పుట్టిన ఒప్పందాలు కోలారు జిల్లాలోని కర్మాగారాలకు పని తెచ్చిపెట్టాయి. కనుక వాటి మంచిచెడ్డలు ఈ సీమ కుటుంబాలు తెలుసుకోదగినవి.

మిత్రదేశం అంటే ఎవరు?

భారతదేశం ఏ సైనిక కూటమిలోనూ సభ్యురాలు కాదు. 1971 ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో కుదిరిన శాంతి, మైత్రి, సహకార ఒడంబడిక మన చరిత్రలో కూటమికి అతి దగ్గరగా వచ్చిన ఏర్పాటు. నేడు ఫ్రాన్సు, ఇజ్రాయెల్, రష్యా, అమెరికా వంటి దేశాలను "వ్యూహాత్మక భాగస్వాములు" అని వ్యవహరిస్తున్నారు. వాడుకలో మిత్రదేశమన్న మాటకు ఇదే అర్థం.

వ్యాపారులకు ఈ పని ఎందుకు?

2001 వరకు ఆయుధ సామగ్రి ఉత్పత్తి దాదాపుగా ప్రభుత్వరంగానికే పరిమితం. ఆ ఏడాది మే నెలలో కేంద్రం ఈ రంగంలోకి ప్రైవేటు సంస్థలను అనుమతించి, విదేశీ పెట్టుబడిని 26 శాతం వరకు ఆహ్వానించింది. 2020లో ముందస్తు అనుమతి లేని విదేశీ పెట్టుబడి పరిమితి 74 శాతానికి పెరిగింది. అప్పటి నుండి సైన్యానికి ఏమి కావాలో, ప్రమాదం ఏ వైపు నుండి వస్తుందో తెలుసుకోవడం కర్మాగారం పెట్టదలచిన వారికి అవసరమయింది.

అదే 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడ్డాయి. 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ చేపట్టిన గనులవి. 1956లో మైసూరు ప్రభుత్వం వాటిని స్వాధీనం చేసుకొన్నది. భూమిలో మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన ఆ పనితనం ఒక్కరోజులో నిరుద్యోగమయింది. బంగారుపేట, మారికుప్పం రైళ్లలో తెల్లవారకముందే బెంగళూరు పనులకు బయలుదేరే జనం ఆ మూసివేతకు నేటికీ సాక్ష్యం.

టాట్రా నేర్పిన పాఠం

గనులు పోయినా కె.జి.ఎఫ్.లో నిలిచిన పెద్ద పరిశ్రమ బెమెల్. రక్షణశాఖ ఆధీనంలోని ఈ సంస్థ 1964 మే నెలలో ఏర్పడింది. ఇక్కడి కర్మాగారంలో బుల్డోజర్లు, ఎక్స్‌కవేటర్ల వంటి భారీ యంత్రాలు తయారవుతాయి.

1986లో బెమెల్ సంస్థ చెకోస్లోవేకియాతో టాట్రా లారీల ఒప్పందం చేసుకొన్నది. కోప్రివ్నిత్సే పట్టణంలో 1850లో బండ్ల తయారీతో మొదలైన సంస్థ టాట్రా. గొట్టం వంటి వెన్నెముక, దానికి ఇరుపక్కలా విడివిడిగా ఊగే ఇరుసులు ఈ లారీ ప్రత్యేకతలు. ఇసుకలోను, రాళ్లగుట్టల్లోను చక్రం నేలను విడువదు. పృథ్వీ క్షిపణిని, పినాక రాకెట్లను మోసినది ఈ లారీయే. ఏడు వేలకు పైగా లారీలు మన సైన్యానికి అందాయి.

అయితే కాలక్రమంలో మిత్రదేశమే మాయమయింది. 1993 జనవరి 1న చెకోస్లోవేకియా రెండు దేశాలుగా విడిపోయింది. సరఫరా బ్రిటన్‌లోని మధ్యవర్తి సంస్థ ద్వారా సాగింది. విడిభాగాలన్నీ ఇక్కడే తయారు కావాలన్న లక్ష్యం పాతికేళ్లయినా పూర్తికాలేదు. రోడ్డుకు ఎడమపక్క నడిచే మన దేశంలో, ఎడమవైపు స్టీరింగు ఉన్న లారీలను జవానులు ఏళ్ల తరబడి నడిపారు. 2012లో ఈ కొనుగోళ్లపై ఆరోపణలు వచ్చి సి.బి.ఐ. దర్యాప్తు జరిగింది.

లారీ మంచిదే. సైన్యానికి ఉపయోగపడింది. కాని దాని మర్మం పూర్తిగా మన చేతికి రాలేదు. స్నేహం చెదిరినా పని ఆగకుండా ఉండాలంటే విద్య మన దగ్గర ఉండాలి.

ఇజ్రాయెల్ పర్యటనలు

ఇజ్రాయెల్‌తో భారతదేశానికి పూర్తి దౌత్య సంబంధాలు 1992లో ఏర్పడ్డాయి. 1999 కార్గిల్ యుద్ధ సమయంలో ఆ దేశం మందుగుండు, గురిచూపే పరికరాలు అందించింది. 2017 జులైలో ప్రధాని నరేంద్ర మోదీ పర్యటన సందర్భంగా ఇరుదేశాల సంస్థల అధిపతుల వేదిక టెల్ అవీవ్‌లో తొలిసారి సమావేశమయింది. పరిశోధన కోసం 4 కోట్ల డాలర్ల ఉమ్మడి నిధిని ప్రకటించారు.

అక్కడ నిర్బంధ సైనికసేవ ముగించిన యువతీయువకులు, సైన్యంలో ఎదురైన చిక్కులకే పరిష్కారాలు వెదుకుతూ సంస్థలు స్థాపిస్తారు. సరిహద్దులో నిలబడినవాడు, యంత్రం తయారుచేసేవాడు ఒక్కడే కావడం అక్కడి బలం. మన బృందాలు చూసి నేర్వదగినది ఇదే. ఈ సహకార ఫలంగా 2018 డిసెంబరులో హైదరాబాదులో అదానీ, ఎల్బిట్ సంస్థల డ్రోన్ కర్మాగారం ప్రారంభమయింది.

వేమగల్ వైపు చూపు

కోలారు తాలూకాలోని వేమగల్‌లో టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ సంస్థ ఉపగ్రహాలను కూర్చే కేంద్రం నెలకొల్పింది. అర్జెంటీనాలో పుట్టిన శాటెలాజిక్ సంస్థ సహకారంతో ఇక్కడ రూపొందిన టీశాట్-1ఎ ఉపగ్రహం, 2024 ఏప్రిల్ 7న అమెరికాలోని ఫ్లోరిడా నుండి నింగికెగసింది. నేలమీది చిన్న వస్తువులను సైతం స్పష్టంగా చిత్రించడం దీని పని.

2024 జనవరిలో ఫ్రాన్సు అధ్యక్షుడు మాక్రాన్ పర్యటన వేళ టాటా, ఎయిర్‌బస్ సంస్థలు హెచ్125 హెలికాప్టర్ల కూర్పు కేంద్రాన్ని ప్రకటించాయి. అందుకు వేమగల్ ఎంపికయినట్లు 2025లో వెల్లడయింది. 2005లో ఎవరెస్టు శిఖరంపై దిగిన హెలికాప్టర్ ఈ కుటుంబానిదే.

కుటుంబాలు అడగవలసినవి

కూర్పు వేరు, తయారీ వేరు. విదేశం నుండి వచ్చిన భాగాలను బిగించడం కూర్పు. ఆ భాగాలను పోతపోసి, చెక్కి, పరీక్షించడం తయారీ. ఎక్కువ చేతులకు పని దొరికేది రెండవదానిలో. కనుక కొత్త కర్మాగారం వచ్చినప్పుడు అడగవలసిన ప్రశ్నలు మూడు. స్థానికంగా తయారయ్యే భాగాలెన్ని? చుట్టుపక్కల చిన్న కార్ఖానాలకు పని ఇస్తారా? జిల్లాలోని ఐ.టి.ఐ. విద్యార్థులకు శిక్షణ ఉన్నదా?

మూడవ ప్రశ్నకు చట్టబలం కలదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం నిర్ణీత సంఖ్యకు మించి పనివారున్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకొని, భృతి చెల్లిస్తూ పని నేర్పవలసి ఉన్నది. ఫిట్టర్, టర్నర్, వెల్డర్ చదువులు ముగించిన ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట పిల్లలు కేంద్రప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకొనవచ్చును.

పెద్దల పర్యటనలు పత్రికలలో ఫోటోలతో ముగుస్తాయి. కోలారు సీమకు వాటి ఫలం దక్కినదా లేదా అన్నది మాత్రం, ఆ ఒప్పందం ముగిసిన పదేళ్లకు కూడా అదే యంత్రాన్ని ఇక్కడి పిల్లలు విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించగలరా అన్నదానినిబట్టి తేలుతుంది.