రంగుల పేర్లలో మన పైర్లు



గన్నవరం నుంచి గుడివాడ మీదుగా పెడన వెళ్ళారనుకోండి, అక్కడ అద్దకం బట్టలు ఆరవేసి ఉండడం చూస్తారు. వాటినే కలంకారీ అంటున్నాం. పారశీకుల నుంచి వచ్చిన మాట అది. కలంతో చేసిన పని అని అర్థం. పెడన, బందరు అద్దకంవారు కొయ్య అచ్చులతో అద్దుతారు, అయినా పేరు కలందే! ఆ సంగతి అలా ఉంచండి. బట్టకు పేరు పరాయిదే గాని, రంగులకు పేర్లు పెట్టింది మాత్రం పొలం.

ఎరుపునే తీసుకోండి. దానికి మూలం చిరివేరు. చిరు అంటే సన్నని. వేరు అంటే మీకు చెప్పనక్కరలేదు. సముద్రతీరపు ఇసుకనేలల్లో పెరిగే చిన్న మొక్క. రంగంతా దాని వేరు తొక్కలోనే ఉంటుంది. గుల్లలు చితికి సున్నం కలిసిన ఇసుకలో పెరిగితే ఎరుపు మరీ బాగా తేలుతుంది. తమిళులు సాయవేరు అంటారు. సాయం అంటే వారికి అద్దకపు రంగు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు బందరులో కొట్లు పెట్టింది ముఖ్యంగా మన బట్టల కోసమే. ఇంగ్లీషువారి నోట సాయవేరు కాస్తా ‘చే రూట్’ అయింది.

ఈ వేరులో ఒక తమాషా ఉంది. ఒట్టి బట్టను ఆ వేరు నీళ్ళలో ఎంత ఉడకబెట్టినా అసలైన ఎరుపు నిలవదు. ముందు బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఆరబెట్టాలి. ఆపైన పటిక నీళ్ళతో పువ్వో, ఆకో అద్దాలి. అప్పుడు వేరు వేసి ఉడకబెడితే, పటిక తగిలిన చోటనే ఎరుపు పట్టుకుంటుంది. ఇసుకలో వేరు తవ్వినవాడూ, అడవిలో కరక్కాయ ఏరినవాడూ, ఇంట పాడి ఉన్నవాడూ, ముగ్గురూ చెయ్యి వేస్తేగాని ఆ ఒక్క పువ్వు పూయదన్నమాట.

ఇక నీలి. సంస్కృతంలో నీలీ అంటే రంగూ కాదు, రాయీ కాదు, మొక్క. ఆకును తొట్లలో నానబెట్టి, ఆ నీటిని బాగా చిలికితే నీలం అడుగున పేరుకుంటుంది, అదే నీలిమందు. మిగిలిన పిప్పి వరిచేలకు మంచి ఎరువు, చిక్కుడు జాతి మొక్క గదా! ఆ మాటను అరబ్బులు అన్నీల్ చేశారు, పోర్చుగీసువారు అనిల్ అన్నారు. 1840లో ఒక రసాయనవేత్త నీలిమందు నుంచి తీసిన నూనెకు అనిలిన్ అని పేరు పెట్టాడు. 1856లో లండనులో పెర్కిన్ అనే కుర్రవాడు ఆ అనిలిన్‌తోనే ఊదారంగు తయారుచేశాడు. బొగ్గుతారు రంగులు అక్కడ మొదలైనాయి. 1869 నాటికి వేరు ఎరుపు, 1897లో నీలి, రెండూ జర్మనీ ఫ్యాక్టరీల నుంచి అంగళ్ళకు వచ్చేశాయి. వేరు ఎరుపుకు అలిజరిన్ అని పేరు. అదీ తురకదేశాలలో ఒక రంగువేరు పేరే! పైరును చేలోంచి తోసేశారు, పేరును మాత్రం సీసా మీద అంటించుకున్నారు. ఉతికిన పంచెకు పెట్టే పొడిని మనం నీలిమందే అంటున్నాం, అందులో ఆకు పసరు చుక్కయినా లేకపోయినా.

అయితే నీలి పోయిందని అందరూ ఏడ్చి ఉండరు. దొరల బలవంతపు నీలిసాగు మీద 1859లో బెంగాలు రైతులు తిరగబడ్డారు. 1917లో గాంధీగారు చంపారన్ వెళ్ళిందీ అందుకే. పైరు తప్పు లేదు, పండించమన్న తీరుదే తప్పు.

మన చేలో ఇంకా నిలిచిన రంగు పసుపు. పసుపు, పసిమి, పచ్చ, పచ్చి, అన్నీ ఒక్క తల్లి బిడ్డలే. అందుకే మనకు వరిచేనూ పచ్చనే, పసుపుకొమ్మూ పచ్చనే. దానికి సున్నం తగిలితే ఎర్రబడుతుంది. ఆ ఎరుపే పారాణి, కుంకుమ. సంస్కృతంలో కుంకుమం కాశ్మీరపు పువ్వు. ఆ పేరు ఇంత దూరం దిగివచ్చి, మన దుగ్గిరాల మార్కెట్టులో బస్తాలకెత్తే కొమ్ముకు అతుక్కుంది.