బిడ్డను మోయు గుడ్డ

“చంకలో బిడ్డ నుంచుకొని ఊరంతయు వెదకినట్లు” అని మనకొక సామెత కలదు. పసిబిడ్డ పుట్టిన ఇంట, బిడ్డను మోయు సంచి కొరకు నేడు జరుగు వెదకులాటను చూచినపుడు ఆ సామెత జ్ఞప్తికి రాకపోదు. అంగడిలో వేయి రూపాయలలోపు మొదలుకొని పదివేలు దాటువరకు ఎన్నియో రకములున్నవి. పట్టీలు గలవి కొన్ని, ఉంగరములు గలవి కొన్ని, ఉత్త గుడ్డలు కొన్ని. వీనిలో తల్లికి నడుము నొప్పి కలిగింపనిది, బిడ్డకు సుఖమిచ్చునది, మన సంపాదనకు అందునది ఏది? ఈ ప్రశ్నకు అంగడివాని మాటకంటె చరిత్ర చెప్పు సమాధానము నమ్మదగినది. ఏలనన ఈ వస్తువు క్రొత్తది కాదు. మానవుడు చేసికొన్న తొలి పనిముట్లలో ఇది యొకటి కావచ్చునని తలంచు పండితులు కలరు.

కోతిపిల్ల తల్లి రోమములను పట్టుకొని వ్రేలాడగలదు. మనిషి బిడ్డకు ఆ శక్తి లేదు. పట్టుకొనుటకు తల్లి ఒంటిపై అట్టి రోమములును లేవు. రెండు కాళ్లపై నడచుచు, చేతులతో దుంపలు త్రవ్వుచు, పండ్లు ఏరుచు తల్లి తన బిడ్డను మోయవలసి వచ్చెను. అందుచేత బిడ్డను కట్టుకొను జోలె ఆదిమకాలపు ముఖ్యమైన పనిముట్లలో ఒకటియై యుండునని నాన్సీ టానర్, అడ్రియెన్ జిల్మన్ అను ఇరువురు అమెరికా మానవశాస్త్రజ్ఞులు 1976లో వాదించిరి. తోలు, నార, గుడ్డ మట్టిలో నిలువవు; రాతిగొడ్డలి నిలుచును. వేటగాని ఆయుధమునకు చరిత్రలో దొరకిన చోటు తల్లి జోలెకు దొరకకపోవుటకు కారణమిదియే. 2007లో కారా వాల్ షెఫ్లర్ అను శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు ఈ మోతకగు శ్రమను కొలిచి చూచిరి. బిడ్డను చేతులతో ఎత్తుకొని నడచుటకు, జోలెలో కట్టుకొని నడచుటకంటె సగటున 16 శాతము అధికశక్తి ఖర్చగునని తేలినది. దినమంతయు నడచి కూడు సంపాదించుకొను స్త్రీకి ఇది అల్పమైన భేదము కాదు.

ఆయా దేశముల శీతోష్ణములను బట్టి, చేయు పనిని బట్టి ఈ జోలె అనేక రూపములు దాల్చినది. ఉత్తర ధ్రువప్రాంతమున ఇన్యూట్ స్త్రీలు ‘అమౌతి’ అను అంగీ తొడుగుదురు. దాని వీపుభాగమున బిడ్డకొక సంచి యుండును; పైని పెద్ద ముసుగు మంచుగాలిని ఆపును. మెక్సికో స్త్రీలు ‘రెబోసో’ అను పొడవైన శాలువలోను, జపాను స్త్రీలు ‘ఒంబుహిమో’ అను పట్టీతోను, కొరియా స్త్రీలు ‘పొదేగి’ అను చిన్న దుప్పటితోను బిడ్డలను మోసిరి. ఐరోపాలోను ఈ ఆచారము లేకపోలేదు. ఇటలీలోని పాదువా నగరమున, సుమారు 1305 ప్రాంతమున జియోట్టో చిత్రించిన కుడ్యచిత్రములలో మేరీమాత గాడిదపై ఈజిప్టునకు పోవుచుండును. ఆమె ఒడిలోని బిడ్డకు ఆమె మెడకు కట్టిన గుడ్డయే ఆధారము.

మన మాట వేరుగా చెప్పనక్కరలేదు. మైదానపు పల్లెలలో తల్లి బిడ్డను చంకనెత్తుకొనును. పొలమునకు పోయినపుడు చెట్టుకొమ్మకు పాతచీరతో ఉయ్యాల కట్టును. ఏజెన్సీ ప్రాంతములలో గిరిజన స్త్రీలు బిడ్డను గుడ్డతో ఒంటికి కట్టుకొని కొండ దిగి సంతకు వచ్చుట నేటికిని కాననగును. దత్తపుత్రుని వీపున కట్టుకొని గుఱ్ఱమెక్కిన ఝాన్సీ లక్ష్మీబాయి విగ్రహమును చూడనివారు అరుదు. కూలిపనికైనను, యుద్ధమునకైనను చేతులు రెండును ఖాళీగా నుండవలెనన్నచో గుడ్డ ఒక్కటే శరణ్యమైనది.

ఇంత ప్రాచీనమైన ఆచారము ధనికుల ఇండ్లనుండి తొలగిపోవుటకు కారణమేమి? మొదటిది బండి. ఇంగ్లండులో విలియం కెంట్ అను శిల్పి 1733 ప్రాంతమున డెవన్‌షైర్ డ్యూకు పిల్లలకొరకు గవ్వ ఆకారముగల చిన్నబండిని నిర్మించెను. దానిని మేకగాని పొట్టిగుఱ్ఱముగాని లాగెడిది. 19వ శతాబ్దమున మనుష్యులు తోసెడి ప్రామ్‌బండ్లు వ్యాపించి, గొప్పకుటుంబముల గౌరవచిహ్నములైనవి. రెండవది వైద్యుల, మనస్తత్వవేత్తల ఉపదేశము. 1894లో వెలువడిన లూథర్ ఎమెట్ హోల్ట్ పుస్తకము బిడ్డల పెంపకమునకు గడియారపు క్రమమును నేర్పినది. 1928లో జాన్ వాట్సన్ అను మనస్తత్వవేత్త, బిడ్డలను ముద్దాడవద్దనియు ఒడిలో కూర్చుండబెట్టుకొనవద్దనియు గ్రంథమే వ్రాసెను. ఈ రెండును కలిసిన పిమ్మట బిడ్డను గుడ్డలో కట్టుకొనుట బీదరికమునకు, అనాగరికతకు గుర్తుగా పరిగణింపబడెను.

ఆ గుడ్డ నాగరికులలోనికి మరల వచ్చిన మార్గము విచిత్రమైనది. 1960వ దశకపు తొలి సంవత్సరములలో ఆన్ మూర్ అను అమెరికా నర్సు ‘పీస్ కోర్’ సేవకురాలిగా పశ్చిమాఫ్రికాలోని టోగో దేశమునకు పోయెను. అచ్చటి తల్లులు బిడ్డలను వీపున గుడ్డతో కట్టుకొని పనులన్నియు చేసికొనుట, ఆ బిడ్డలు ప్రశాంతముగా నుండుట ఆమె గమనించెను. స్వదేశమునకు మరలివచ్చి, కూతురు పుట్టిన పిమ్మట ఆమెయు అట్లే కట్టుకొన ప్రయత్నించెను. కాని బిడ్డ జారసాగెను. అంతట ఆమె తన తల్లియైన లూసీ ఆకర్మన్‌చేత పట్టీలు గల ఒక సంచిని కుట్టించెను. చూచినవారు తమకును కావలెననిరి. ఒహాయో రాష్ట్రపు గ్రామీణస్త్రీలు ఇండ్లలోనే వీనిని కుట్టి యిచ్చుచుండిరి. ‘స్నగ్లీ’ అను పేరుగల ఆ సంచికి 1969లో పేటెంటు లభించెను. 1985లో మూర్ కుటుంబమువారు ఆ వ్యాపారమును మరొక సంస్థకు అమ్మివేసిరి.

ఇదే తీరున 1972లో జర్మనీలో ఎరికా హాఫ్‌మన్ అను తల్లి తన కవలలను లాటిన్ అమెరికా శాలువలో మోసి, తరువాత అట్టి గుడ్డలనే నేయించి అమ్మసాగెను. 1981లో హవాయిలో రెయ్నర్ గార్నర్ గుడ్డకొనకు రెండు ఉంగరములను చేర్చెను; దానితో ముడి వేయకయే బిగించుటకు, సడలించుటకు వీలు కలిగెను. నేడు మన అంగడిలో అమ్ముడగు సంచులలో పెక్కింటికి ఈ మూడే మూలములు.

టోగో తల్లి వీపునుండి జారని బిడ్డ అమెరికా నర్సు వీపునుండి ఏల జారెను? గుడ్డలో లోపము లేదు. టోగో స్త్రీ బాల్యమునుండియు తల్లిని చూచి, తమ్ములను చెల్లెండ్రను మోసి, ఆ కట్టు నేర్చుకొన్నది. కనుక జోలె యనగా గుడ్డ మాత్రమే కాదు, గుడ్డయు విద్యయు కలిసినది. గుడ్డ సముద్రములు దాటి సరకైనది. విద్య మాత్రము అమ్మమ్మ చేతిలోనే ఉండిపోయినది. పట్టీలు, బకిల్సులు ఆ విద్య లేని కొఱతను కొంతవరకు తీర్చుటకు పుట్టిన ఏర్పాట్లే. మనము చెల్లించు మూల్యములో అధికభాగము ఆ కొఱతకే చెల్లును.

ఆ కొఱత ఒక్కొక్కప్పుడు ప్రాణములమీదికి తెచ్చినది. 2010 మార్చిలో అమెరికా ప్రభుత్వపు వినియోగవస్తు భద్రతాసంఘము ఒక హెచ్చరికను వెలువరించెను. గడచిన 20 సంవత్సరములలో జోలెలకు సంబంధించిన 14 శిశుమరణములు తమ దృష్టికి వచ్చినవనియు, వారిలో 12 మంది నాలుగు నెలలు నిండనివారనియు దాని సారాంశము. మెడ నిలువని బిడ్డ లోతైన సంచిలో వంగి ముడుచుకొనిపోయినచో గడ్డము రొమ్మునకు ఆని శ్వాసమార్గము మూసికొనిపోవును. ముక్కునకు గుడ్డగాని తల్లి ఒడలుగాని అడ్డమైనను అంతే. బిడ్డ ఏడ్వనైన ఏడ్వలేడు. తరువాత 2017లో ఆ దేశమున జోలెల తయారీకి నిర్బంధ ప్రమాణములు ఏర్పడినవి.

దీనిని విని గుడ్డనే విడువవలెనని తలపరాదు. సరియైన రీతిని మోయుటవలన కలుగు మేలును వైద్యులే నిరూపించిరి. 1986లో మాంట్రియల్ నగరమున హంజికర్, బార్ అను పరిశోధకులు 99 మంది తల్లులను, బిడ్డలను పరిశీలించిరి. దినమున అదనముగా మోయబడిన బిడ్డలు ఆరు వారముల వయస్సున, ఇతర బిడ్డలకంటె 43 శాతము తక్కువ ఏడ్చిరి. అంతకుముందే 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే అను వైద్యుడు, ఇంక్యుబేటర్లు చాలక, నెలలు నిండక పుట్టిన బిడ్డలను తల్లుల రొమ్మునకు ఆనించి ఉంచు పద్ధతిని ప్రారంభించెను. అదియే కంగారూ సంరక్షణ. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆధ్వర్యమున నాలుగు ఆఫ్రికా దేశములలోను, మన దేశమున ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలోను జరిగిన పరిశోధన ఫలితములు 2021లో వెలువడినవి. అత్యల్పమైన బరువుతో పుట్టిన బిడ్డలకు పుట్టిన వెంటనే ఈ పద్ధతి నవలంబించినచో మరణములు 25 శాతము తగ్గినవి. బీదవారి గుర్తుగా త్రోసివేయబడిన గుడ్డ ఆసుపత్రిలో ప్రాణరక్షకమైనది.

తుంటికీళ్ల విషయమునను చరిత్ర ఒక పాఠము చెప్పుచున్నది. బిడ్డ కాళ్లను చాచి బిగించి కట్టు ఆచారముగల జాతులలో తుంటికీలు తొలగుట అధికము. కాళ్లు ఎడముగా నుంచి మోయు జాతులలో తక్కువ. జపానులో 1975 నుండి శిశువుల కాళ్లను చాచి చుట్టవద్దని ప్రచారము జరుపగా ఆ వ్యాధి మిక్కిలి తగ్గినది. మన తల్లులు బిడ్డను చంకనెత్తుకొనునపుడు వాని కాళ్లు ఆమె నడుమునకు ఇరుప్రక్కల ఎడముగా నుండును. ఆ కూర్చుండు రీతి శ్రేష్ఠమైనదే. కాని బరువంతయు ఒక ప్రక్కకే పడుటచే తల్లి నడుము నొచ్చును.

ఇక కొనదలచినవారు చూడవలసినవి ఇవి. బిడ్డ కూర్చుండు భాగము ఒక మోకాటినుండి రెండవ మోకాటి వరకు ఆనునంత వెడల్పుగా నుండవలెను. మోకాళ్లు పిరుదులకంటె కొంచెము ఎత్తున నుండవలెను. కాళ్లు క్రిందికి వ్రేలాడు సన్నని పట్టీ ఎంత ఖరీదైనదైనను విడిచిపెట్టుడు. బిడ్డ ముఖము ఎల్లవేళల మీకు కనబడుచు, తల వంచినంతనే నొసలు ముద్దాడునంత ఎత్తున నుండవలెను. గడ్డమునకు రొమ్మునకు నడుమ రెండు వ్రేళ్లు పట్టు సందు ఉండవలెను. బరువు రెండు భుజములపైనను, వీలైనచో నడుముపట్టీపైనను పంచబడవలెను. మన ఎండలకు దట్టమైన దూదిమెత్తలకంటె పలుచని నూలుగుడ్డ మేలు. సాగని నేతగల గట్టి చేనేతగుడ్డతో ఉంగరముల జోలెను తక్కువ ఖర్చుతో కుట్టించుకొనవచ్చును. కాని ఉంగరములు అతుకు లేనివై, బిడ్డల జోలెలకొరకే తయారైనవై యుండవలెను. చేతిసంచుల ఉంగరములు పనికిరావు. నెలలు నిండక పుట్టిన బిడ్డకును, బరువు తక్కువైన బిడ్డకును వైద్యుని అడిగిన పిదపనే వాడవలెను. పొయ్యి దగ్గర వంట చేయునపుడు, స్కూటరుపై పోవునపుడు ఏ జోలెయు రక్షణ కాజాలదు.

అన్నిటికంటె ముందు కట్టు నేర్చుకొనుడు. బియ్యము నింపిన చిన్న మూటను బిడ్డకు బదులుగా కట్టుకొని, మంచముపై వంగి, నాలుగు దినములు అభ్యసింపుడు. ఇంటిలో బిడ్డలను మోసిన పెద్దవారున్నచో ప్రక్కన నిలువుమనుడు. తండ్రులును నేర్చుకొనవచ్చును, ఈ విద్య స్త్రీలకు మాత్రమే చెందినదని ఏ శాస్త్రమును చెప్పలేదు. చేయి తిరిగిన పిమ్మట మూట స్థానమున బిడ్డను ఉంచుకొనుడు.