స్టెంట్ తర్వాత రక్తపరీక్ష: యల్లాప్రగడ సుబ్బారావు నుంచి మన రిపోర్టు దాకా



గుండె రక్తనాళానికి స్టెంట్ వేయించుకున్నవారు మన మీర్‌పేట్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ కాలనీల్లో నేడు అరుదేమీ కాదు. ఆస్పత్రి నుంచి తెచ్చుకున్న యాంజియోగ్రామ్ సీడీని బీరువాలో భద్రంగా దాచుకుంటారు. రక్తపరీక్షల కాగితాలను మాత్రం పట్టించుకోరు. "ఇన్నిసార్లు రక్తం ఎందుకు తీశారు డాక్టరు గారూ? బిల్లు పెంచడానికేనా?" అని నన్ను అడిగేవారు ఎందరో. ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. ఆ జవాబు వెనుక వందేళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన తెలుగువాడు ఒకడున్నాడు.

రెండు ముఖ్యమైన చిక్కులు

1977 సెప్టెంబరు 16న జ్యూరిక్ నగరంలో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ మెలకువగా ఉన్న రోగి గుండె రక్తనాళంలోకి చిన్న బెలూన్ పంపి, పూడికను వెడల్పు చేశాడు. 1986లో ఫ్రాన్సులోనూ స్విట్జర్లాండులోనూ తొలి స్టెంట్లు వేశారు. ఛాతీ కోయకుండా చేసే ఈ చికిత్స లక్షల ప్రాణాలను నిలబెట్టింది. అయితే కొద్దిమందిలో చికిత్స వల్లనే కొన్ని చిక్కులు వస్తాయి. వాటిలో రక్తపరీక్ష ద్వారా ముఖ్యంగా గమనించేవి రెండు.

మొదటిది గుండె కండరానికి తగిలే దెబ్బ. బెలూన్ ఉబ్బినప్పుడు పూడిక నుంచి విడివడిన సూక్ష్మ కణాలు కిందనున్న చిన్న నాళాల్లో చిక్కుకోవచ్చు. పక్క కొమ్మ ఒకటి మూసుకుపోవచ్చు. రెండవది మూత్రపిండాలకు తగిలే దెబ్బ. నాళాలు ఎక్స్‌రేలో కనిపించడానికి ఎక్కించే అయోడిన్ మందును మూత్రపిండాలే బయటికి పంపాలి. అప్పటికే బలహీనంగా ఉన్న మూత్రపిండాలకు అది భారమవుతుంది. ఈ రెండు దెబ్బలకూ తరచు నొప్పి ఉండదు. రోగికి ఏమీ తెలియదు. తెలిసేది రక్తం వల్లనే.

నీలిరంగు ఆలస్యమైతే పుట్టిన సందేహం

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎంబీబీఎస్‌కు బదులు అంతకంటె తక్కువ స్థాయిదైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ తర్వాత బోస్టన్ చేరి, ఆస్పత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని చేస్తూ చదువుకున్నారు. తర్వాత హార్వర్డ్ జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధకులయ్యారు.

1925లో ఈ ఇద్దరూ రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. నమూనాలో మాలిబ్డేటు, మరొక రసాయనం కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అని జీవరసాయన పుస్తకాల్లో చదువుకున్నది దీనినే.

ఆ పద్ధతిని కండరంపై ప్రయోగించినప్పుడు ఒక వింత కనిపించింది. నీలిరంగు వెంటనే రాలేదు, నెమ్మదిగా చిక్కబడింది. ఇతరులైతే రసాయనం పాడైందని పారబోసేవారేమో! వీరు మాత్రం కారణం వెతికారు. కండరంలోని భాస్వరం విడిగా లేదు. క్రియాటిన్ అనే పదార్థంతో బలహీనంగా ముడిపడి ఉంది. ఆమ్లం తగలగానే ఆ ముడి విడిపోతున్నకొద్దీ రంగు తేలుతోంది. ఆ జంట పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ సంగతి లోకానికి వెల్లడైంది. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా అదే ఏట విడిగా ఈ పదార్థం జాడ కనుగొన్నారు. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతిలో మళ్లీ నిండుతుంది. కండరానికి అది చేతి ఖర్చుకు ఉంచుకున్న చిల్లర వంటిది.

ఒకే మొక్కకు రెండు కొమ్మలు

ఈ పదార్థం నుంచి నేటి రక్తపరీక్షలు రెండు దారుల్లో వచ్చాయి. ఆ పరీక్షలను సుబ్బారావు కనిపెట్టలేదు. వాటికి ఆధారమైన రసాయనాన్ని బయటపెట్టినవారిలో ఆయన ఒకరు.

మొదటి దారి గుండెకు సంబంధించినది. ఫాస్ఫోక్రియాటిన్ నుంచి భాస్వరాన్ని తీసి శక్తినిచ్చే ఏటీపీగా మార్చే ఎంజైము చర్యను 1934లో కార్ల్ లోమాన్ వివరించాడు. ఆ ఎంజైమే క్రియాటిన్ కైనేజ్, మన రిపోర్టుల్లో సీకే. కండర కణం దెబ్బతింటే సీకే రక్తంలోకి జారిపోతుంది. 1954లో గుండెపోటును గుర్తించడానికి వచ్చిన తొలి ఎంజైము పరీక్ష ఎస్‌జీఓటీ. కాలేయం చెడినా అది పెరుగుతుంది కనుక నమ్మకం తక్కువ. 1960 నాటికి సీకే, ఆ తర్వాతి దశాబ్దంలో గుండెలో పాలు ఎక్కువగా ఉండే సీకే-ఎంబీ వాడుకలోకి వచ్చాయి. ప్రయోగశాలలో సీకేను కొలిచేందుకు నేటికీ రోగి రక్తరసానికి ఇచ్చే ముడిసరుకు ఫాస్ఫోక్రియాటినే.

గట్టిగా వ్యాయామం చేసినా, కండరానికి ఇంజెక్షన్ పొడిచినా సీకే పెరుగుతుంది. అందుకే 1980ల చివర వచ్చిన ట్రోపోనిన్ పరీక్ష క్రమంగా దాని స్థానాన్ని ఆక్రమించింది. గుండె కండరానికే ప్రత్యేకమైన ఈ ప్రోటీను అతి చిన్న దెబ్బను కూడా పట్టిస్తుంది. దాని బలమూ అదే, దానితో వచ్చిన చిక్కూ అదే. చక్కగా సాగిన స్టెంట్ తర్వాత కూడా ట్రోపోనిన్ కొంత పెరగడం మామూలే. మరి ఎంత పెరిగితే ప్రమాదం? అంతర్జాతీయ నిర్వచనం 2012 నుంచి, మొదట సాధారణంగా ఉన్న ట్రోపోనిన్ పరిమితికి 5 రెట్లు దాటడమే కాక ఈసీజీలోనో, స్కానులోనో, యాంజియోగ్రామ్‌లోనో వేరొక సాక్ష్యం కూడా కావాలంటోంది. అమెరికాలోని కాథటర్ చికిత్సా నిపుణుల సంఘం 2013లో సీకే-ఎంబీ 10 రెట్లు పెరగాలంది. ఈసీజీలో కొత్త మార్పులు తోడైతే 5 రెట్లు చాలంది. నిపుణుల కొలబద్దలే వేరువేరుగా ఉన్నప్పుడు, రిపోర్టులో ఎర్ర అక్షరాలు చూసి "మళ్లీ గుండెపోటు వచ్చింది" అని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తడం తగదు.

రెండవ దారి మూత్రపిండాలకు సంబంధించినది. శరీరంలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ రోజుకు 1 నుంచి 2 శాతం దానంతట అదే క్రియాటినిన్ అనే వ్యర్థంగా మారుతుంది. మూత్రపిండాలు దానిని వడపోసి పంపివేస్తాయి. వడపోత తగ్గితే రక్తంలో అది పేరుకుంటుంది. పిక్రిక్ ఆమ్లంతో క్రియాటినిన్ ఎర్రటి రంగు ఇస్తుందని 1886లో మాక్స్ జాఫే చూపాడు. దానిని కొలతగా మలచినవాడు ఆటో ఫోలిన్. సుబ్బారావు చేరిన హార్వర్డ్ విభాగానికి అధిపతి ఆయనే.

ముందే తెలుసుకోవచ్చునా?

చాలావరకు తెలుసుకోవచ్చు. 2004లో రోక్సానా మెహ్రాన్ బృందం, స్టెంట్ తర్వాత ఎవరి మూత్రపిండాలు దెబ్బతినే అవకాశం ఉందో ముందుగా అంచనా వేసే పట్టిక ఇచ్చింది. 75 ఏళ్లు దాటిన వయసు, మధుమేహం, గుండె వైఫల్యం, రక్తపోటు పడిపోవడం, బెలూన్ పంపు అవసరం కావడం, ఎక్కించిన అయోడిన్ మందు పరిమాణం, రక్తహీనత, క్రియాటినిన్: మొత్తం 8 అంశాలు. వీటిలో చివరి రెండింటినీ చెప్పేవి ఏ చిన్న ల్యాబులోనైనా దొరికే సాధారణ రక్తపరీక్షలే. ప్రమాదం ఎక్కువని తెలిస్తే వైద్యుడు ముందుగా సెలైన్ ఎక్కిస్తాడు, మందు పరిమాణం తగ్గిస్తాడు, వీలైతే చికిత్సను రెండు విడతలు చేస్తాడు. పరీక్ష విలువ ఇక్కడే ఉంది.

ఇక్కడ ఒక మెలిక గమనించండి. క్రియాటినిన్ పుట్టేది కండరం నుంచి. కండరం తక్కువైతే అదీ తక్కువే. రిపోర్టులో 1.1 అని ఉంటే 30 ఏళ్ల పురుషునికి వడపోత సామర్థ్యం, అనగా ఈజీఎఫ్ఆర్, సుమారు 92, అదే 1.1 ఉన్న 70 ఏళ్ల స్త్రీకి సుమారు 54 మాత్రమే. "క్రియాటినిన్ నార్మలే కదా" అని మన ఇళ్లలోని పెద్దమ్మలను, నాయనమ్మలను తేలికగా పంపివేయడం మంచిది కాదు. ఈజీఎఫ్ఆర్ ఎంత అని అడగండి.

మరొక సంగతి. అయోడిన్ మందు వల్ల క్రియాటినిన్ పెరుగుదల 48 నుంచి 72 గంటల్లో బయటపడుతుంది. మూడు నుంచి అయిదు రోజులకు గరిష్ఠమవుతుంది. ముందుగా అనుకుని వేయించుకున్న స్టెంట్ అయితే రోగి తరచు మరుసటి రోజే ఇంటికి వచ్చేస్తాడు. అనగా అసలు చూడవలసిన సమయానికి ఆయన ఆస్పత్రిలో ఉండడు, మీ ఇంట్లో ఉంటాడు. ఆ మూడో రోజు పరీక్ష చేయించే బాధ్యత కుటుంబానిదే అవుతున్నది.

కనుక మధుమేహం, రక్తహీనత, వృద్ధాప్యం, మూత్రపిండాల బలహీనత ఉన్నవారి ఇంటివారికి నా మనవి ఇది. చికిత్సకు ముందరి క్రియాటినిన్ రిపోర్టును పారవేయకండి. తర్వాతి అంకెకు అర్థం దానితో పోల్చినప్పుడే వస్తుంది. డిశ్చార్జి నాడే "మళ్లీ క్రియాటినిన్ ఎప్పుడు చేయించాలి?" అని అడిగి కాగితంపై రాయించుకోండి. మెట్‌ఫార్మిన్ వాడేవారు దానిని కొనసాగించాలో, కొన్నాళ్లు ఆపాలో అడగండి. నడుం నొప్పికని దుకాణంలో డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ కొని మింగకండి. స్టెంట్ మూసుకుపోకుండా ఇచ్చిన మాత్రలను ఎవరు చెప్పినా సొంతంగా ఆపకండి. మూత్రం తగ్గినా, కాళ్లు వాచినా, ఆయాసం వచ్చినా, ఛాతీ నొప్పి తిరగబెట్టినా రిపోర్టు కోసం ఎదురుచూడకుండా ఆస్పత్రికి వెళ్లండి.

సుబ్బారావు గారికి హార్వర్డ్‌లో శాశ్వత ఆచార్య పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ సంస్థకు వెళ్లి ఎన్నో మందుల వెనుక నిలిచారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, గుండె ఆగి న్యూయార్కులో కన్నుమూశారు. అప్పటికి సీకే పరీక్ష లేదు, ట్రోపోనిన్ లేదు, స్టెంట్ లేదు. ఆయనకు అందని సాధనాలు నేడు మన కాలనీ చివరనున్న ల్యాబులో ఉన్నాయి. అవసరమైన నాడు వాటిని వాడుకుందాం.